బ్రెయిన్ ల్యాబ్ నుంచి సైకాలజీ క్లాస్‌కి: ఏ దారి ఎవరికి సెట్ అవుతుంది

న్యూరోసైన్స్ పీహెచ్‌డీ చివరి ఏడాదిలోనో, రెండో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) మధ్యలోనో ఉండి "ఇంక ఈ ల్యాబ్ గోల చాలు, హాయిగా ఎక్కడన్నా సైకాలజీ చెప్పుకుంటా" అనేవాళ్ళు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. నేనూ ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలు రికార్డ్ చేసే) ల్యాబ్ నుంచి డిగ్రీ క్లాస్‌రూమ్‌కి వచ్చినవాణ్ణే కాబట్టి జూనియర్లు ఫోన్ చేస్తుంటారు, "అన్నా, రీసెర్చ్‌లో ఉండాలా, టీచింగ్‌కి రావాలా, ఒక్క మాటలో చెప్పు" అని. ఒక్క మాటలో చెప్పేది కాదు. మన దగ్గర సైకాలజీ టీచర్ అనే ఒక్క పేరు మీద నాలుగైదు వేరే వేరే ఉద్యోగాలు నడుస్తున్నాయి. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకటి, సీబీఎస్‌ఈ స్కూల్లో 11, 12 తరగతులకి చెప్పే పీజీటీ ఒకటి, దిల్‌సుఖ్‌నగర్‌లో టెట్ బ్యాచ్‌కి మైక్ పట్టుకుని చెప్పే సైకాలజీ సార్ ఇంకొకటి, వీటికి జీతాలు వేరు, అర్హతలు వేరు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పనే వేరు. పైగా వీటిలో ఏ ఉద్యోగానికి మిమ్మల్ని పిలుస్తారన్నది మీ పేపర్ ఏ జర్నల్‌లో వచ్చిందో చూసి ఎవరూ తేల్చరు, మీ పీజీ సర్టిఫికెట్ మీద ఏ సబ్జెక్ట్ రాసుందో చూసి తేలుస్తారు. చాలామందికి ఈ సంగతి అప్లికేషన్ ఫారం నింపేటప్పుడే తెలుస్తుంది, అదే బాధ.

ముందు ల్యాబ్ సంగతి, ఎందుకంటే వదలకపోవడం కూడా ఒక ఆప్షనే

లెక్కలు చూద్దాం. పీహెచ్‌డీ చేసేవాళ్ళకి నెలకి ఇచ్చే ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదట్లో జేఆర్ఎఫ్ 37 వేలు, తర్వాత ఎస్ఆర్ఎఫ్ 42 వేలు, పైన హెచ్ఆర్ఏ. పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే 58 వేల నుంచి 67 వేల దాకా. దాని పైన మెట్టు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్, నెలకి లక్షా పాతిక వేలు, ఏడాదికి 7 లక్షల రీసెర్చ్ గ్రాంట్, ఐదేళ్ళు. బాగానే ఉంది, కానీ జనరల్ కేటగిరీకి వయసు 32 దాటకూడదు. మన పిల్లలు ఎమ్మెస్సీ అయ్యాక ఒకట్రెండేళ్ళు ప్రాజెక్ట్ ఫెలోగా చేసి, నెట్ (ఫెలోషిప్‌కీ లెక్చరర్ పోస్టుకీ పెట్టే అర్హత పరీక్ష) కొట్టి, పీహెచ్‌డీకి ఆరేడేళ్ళు పెట్టేసరికి ఆ 32 ఎప్పుడు దాటిందో కూడా తెలీదు. బయటి దేశంలో ఉన్నవాళ్ళకి రామానుజన్ ఫెలోషిప్ ఉంది, దానికి 40 దాకా టైముంది. బయోమెడికల్ రీసెర్చ్‌కి ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ కూడా ఉంది, 2008 నుంచి నడుస్తోంది, దాని ఆఫీసు మన హైదరాబాద్‌లోనే, ఆ ఫెలోషిప్ వస్తే ఇంక సైకాలజీ టీచింగ్ గురించి ఆలోచించక్కర్లేదు, కాకపోతే పోటీ మామూలుగా ఉండదు.

అమెరికాలో పోస్ట్‌డాక్ అయితే అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే మొదటి ఏడాది స్టైపెండ్ 2024లో 61,008 డాలర్లు. బోస్టన్‌లోనో శాన్ డియెగోలోనో అద్దె కట్టాక ఎంత మిగులుతుందో అక్కడున్నవాళ్ళని అడగండి.

ల్యాబ్ జీతం చాలక దారి మార్చుకున్నవాళ్ళలో మీరు మొదటివాళ్ళేం కాదు. సైకోఅనాలిసిస్ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ అసలు వియన్నాలో బ్రూకె అనే ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేపల నరాల కణాలు మైక్రోస్కోప్ కింద చూసుకుంటూ ఉన్నోడు, 1882లో ఆ బ్రూకెనే "నీ ఆర్థిక పరిస్థితికి ఈ రీసెర్చ్ కుదరదయ్యా" అని సలహా ఇస్తే ఆస్పత్రికి మారాడు, పైగా అప్పుడే పెళ్ళి కూడా కుదుర్చుకున్నాడు పాపం. ఇప్పటి పోస్ట్‌డాక్‌లకి ఈ కథ చెప్తే నవ్వరు.

డబ్బు ఒక్కటే కాదు, పని ఎలా ఉంటుందో కూడా నిజాయితీగా చూసుకోవాలి. ఈఈజీ తీసుకోండి. పాల్గొనేవాళ్ళకి ముందు రోజే మెసేజ్ పెడతాం, తలస్నానం చేసి రండి, నూనె పెట్టుకోవద్దు అని. అయినా పదిమందిలో ముగ్గురు కొబ్బరినూనె దట్టంగా పట్టించి, జడ బిగించి వస్తారు. ఇంక ప్రతి ఎలక్ట్రోడ్ కింద జెల్ వేసి, మొద్దు సూదితో జుట్టు పక్కకి తోస్తూ, ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే నిరోధం) 5 కిలోఓమ్‌ల కిందకి వచ్చేదాకా కూర్చోవాలి, స్క్రీన్ మీద ఎలక్ట్రోడ్ చుక్కలన్నీ ఆకుపచ్చ అయ్యాక ఆక్సిపిటల్ (తల వెనక భాగం) దగ్గర ఒక్కటి మళ్ళీ ఎర్రగా మారుతుంది. అన్నీ సరిపోయాక "ఒకసారి కళ్ళు మూసుకోండి" అంటాం, స్క్రీన్ మీద సెకనుకి పది చొప్పున ఆల్ఫా తరంగాలు లేస్తాయి. హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద మొదటిసారి రికార్డ్ చేసిన సంగతి ఇదే. ఆ తరంగాలు చూసినప్పుడు మీకు ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటే మీరు ల్యాబ్ వదలొద్దు, నా మాట వినండి. దాన్ని పక్కవాడికి వివరించేటప్పుడే ఎక్కువ సరదా అనిపిస్తే మాత్రం మీరు టీచర్ మెటీరియలే.

ఇంకోటి, ఎక్స్‌పరిమెంట్ ఫెయిలైన నెలలోనో, రివ్యూయర్ తిట్టిన వారంలోనో ఈ నిర్ణయం తీసుకోకండి. గైడ్ మీద కోపంతో టీచింగ్‌కి వచ్చినవాళ్ళు ఇక్కడ ప్రిన్సిపాల్ మీద కోపంతో ఉంటున్నారు.

మధ్యలో ఇంకో సంగతి కూడా ఉంది. బ్రెయిన్ రీసెర్చ్, సైకాలజీ టీచింగ్ రెండూ ఒకే కుర్చీలో దొరికే చోట్లు ఉన్నాయి. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్, అదే ఫాంటమ్ లింబ్ (తీసేసిన చెయ్యో కాలో ఇంకా ఉన్నట్టే అనిపించడం) పేషెంట్లకి అద్దం పెట్టెతో వైద్యం చేసిన ఆయన, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియెగోలో ప్రొఫెసర్‌గా చేసింది సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లోనే. మన దగ్గర అలాంటివి తక్కువే గానీ లేకపోలేదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ కాన్పూర్, అలహాబాద్‌లో సీబీసీఎస్ (సెంటర్ ఆఫ్ బిహేవియరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్). వీటిలో ఖాళీ పడితే మొదట అక్కడికే అప్లై చేయండి. సమస్య ఏంటంటే ఖాళీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పడతాయి, దేశం మొత్తం అప్లై చేస్తుంది.

కాగితాల పేచీ: ఇది అర్థం కాకుండా ఏ ఆప్షనూ చూడకండి

మీ పీహెచ్‌డీ న్యూరోసైన్స్ అనుకోండి, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీనో జువాలజీనో లైఫ్ సైన్సెస్ అనుకోండి. మీరు రాసింది సైన్స్ సబ్జెక్టులకి పెట్టే సీఎస్ఐఆర్ నెట్, అందులో లైఫ్ సైన్సెస్. సైకాలజీ డిపార్ట్‌మెంట్ నోటిఫికేషన్‌లో ఏముంటుందంటే, సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్ట్‌లో 55 శాతంతో పీజీ, ఆ పైన నెట్ లేదా పీహెచ్‌డీ. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్నారు, నెట్ గానీ రాష్ట్ర స్థాయిలో పెట్టే సెట్ గానీ చాలు. అంటే హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన భాగం) మీద మీ ఆరేళ్ళ పని పక్కన పెట్టి, ఎంఏ సైకాలజీ చేసి నెట్ కొట్టిన 24 ఏళ్ళ అమ్మాయికి అర్హత పక్కాగా ఉంటుంది, మీది మాత్రం స్క్రీనింగ్ కమిటీ టేబుల్ మీద "అనుబంధమా కాదా" అని చర్చకి వెళ్తుంది. ఒక యూనివర్సిటీలో అనుబంధం అన్నది ఇంకో యూనివర్సిటీలో కాదంటారు. నేనైతే ఆ చర్చ మీద జీవితం పెట్టమని ఎవరికీ చెప్పను.

బయట చదివినవాళ్ళకి ఒక సడలింపు ఉంది, ప్రపంచ ర్యాంకింగుల్లో టాప్ 500లో ఉన్న యూనివర్సిటీ పీహెచ్‌డీ అయితే నెట్ అడగరు. 2025 జనవరిలో యూజీసీ పెట్టిన డ్రాఫ్ట్‌లో ఏ సబ్జెక్ట్‌లో నెట్ రాస్తే ఆ సబ్జెక్ట్ చెప్పొచ్చు, పీజీ వేరేదైనా పర్లేదు అన్న ఆలోచన కూడా ఉంది, మన లాంటివాళ్ళకి అది వరమే. కానీ డ్రాఫ్ట్ చూసి ప్లాన్ వేసుకోకండి, మీరు అప్లై చేసే నోటిఫికేషన్‌లో ఏ రెగ్యులేషన్ రాశారో అదే చూడండి.

ఈ పేచీకి గట్టి పరిష్కారం ఎంఏ సైకాలజీ చేసేయడమే. ఇదివరకు ఇగ్నోలో దూరవిద్యగా రెండేళ్ళ కోర్సు ఉండేది, ఏ డిగ్రీ వాళ్ళైనా చేరగలిగేవాళ్ళు, కానీ సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పడం 2025 జులై సెషన్ నుంచి యూజీసీ ఆపించింది, కాబట్టి ఇప్పుడు రెగ్యులర్ కోర్సే చూసుకోవాలి. ఇక్కడో చిన్న మెలిక, రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చని 2022లో యూజీసీ ఇచ్చిన వెసులుబాటు పీహెచ్‌డీ వాళ్ళకి వర్తించదు, కాబట్టి పీహెచ్‌డీలో ఉండగానే దొంగచాటుగా చేరి తర్వాత చిక్కులు తెచ్చుకోవద్దు. పీహెచ్‌డీ అయిపోయాక చేరితే సరి.

తర్వాత యూజీసీ నెట్, సైకాలజీ కోడ్ 04. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, మూడు గంటలు, నెగటివ్ మార్కులు లేవు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయసు పరిమితి లేదు, జేఆర్ఎఫ్‌కే ఉంది. సిలబస్ పది యూనిట్లు. అందులో రిసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ మనకి కొట్టినపిండి, బయలాజికల్ బేసిస్ అయితే నిద్రలో లేపి అడిగినా చెప్తాం, అటెన్షన్, పర్సెప్షన్, మెమరీ ఉన్న యూనిట్ కూడా మన ఇలాకానే. దెబ్బ పడేది సైకలాజికల్ టెస్టింగ్, పర్సనాలిటీ థియరీలు, సోషల్ సైకాలజీ, డెవలప్‌మెంట్, ఇంకా భారతీయ మనోవిజ్ఞాన సంప్రదాయం ఉన్న మొదటి యూనిట్. న్యూరోసైన్స్ వాళ్ళు "సైకాలజీయే కదా" అని తేలిగ్గా తీసుకుని ఇక్కడే బోల్తా పడతారు. నెట్ కుదరకపోతే ఉస్మానియా వాళ్ళు పెట్టే తెలంగాణ సెట్, ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు పెట్టే ఏపీ సెట్ ఉన్నాయి, ఏ సెట్ ఆ రాష్ట్రానికే పనికొస్తుంది.

ప్రభుత్వ యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీ

అందరూ కోరుకునేది ఇదే, కారణం దాచక్కర్లేదు. సెంట్రల్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్ 57,700, డీఏ, హెచ్ఆర్ఏ కలిస్తే హైదరాబాద్ లాంటి ఊళ్ళో నెలకి లక్ష దాటుతుంది. వారానికి 16 గంటలు క్లాసులు. ఎండాకాలం సెలవులు. రీసెర్చ్ పూర్తిగా వదిలేయక్కర్లేదు.

కానీ సైకాలజీ పోస్టులే తక్కువ. మన రాష్ట్రాల్లో పాత డిపార్ట్‌మెంట్లు అంటే ఉస్మానియా, తిరుపతి ఎస్వీయూ, ఆంధ్రా. విశాఖలో అయితే కె. రామకృష్ణారావు గారు 1967లో సైకాలజీతో పాటు పారాసైకాలజీ కూడా కలిపి డిపార్ట్‌మెంట్ పెట్టారు, అతీంద్రియ శక్తుల మీద అమెరికా డ్యూక్ యూనివర్సిటీలో పనిచేసి వచ్చిన మనిషి, మెదడు కొలతలు తప్ప ఇంకేదీ నమ్మని మనలాంటివాళ్ళకి వినడానికే విచిత్రంగా ఉంటుంది, అదో చరిత్ర. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో రెగ్యులర్ సైకాలజీ పోస్టు కోసం ఎదురుచూస్తే ఏళ్ళు గడుస్తాయి. అందాకా గెస్ట్ ఫ్యాకల్టీ అంటారు, యూజీసీ 2019లో చెప్పిన రేటు క్లాసుకి 1,500, నెలకి 50 వేలు మించకుండా, కానీ ఆ రేటు అన్ని చోట్లా ఇస్తారనుకోకండి, సెలవుల నెలల్లో అదీ ఉండదు. ఇంట్లో ఇంకొకరి జీతం ఉంటే తప్ప గెస్ట్ మీద రెండేళ్ళకి మించి ఉండొద్దని నా సలహా.

క్లాస్ సంగతి చెప్తా, ఎందుకంటే ఇక్కడ మన రీసెర్చ్ బతుకు నిజంగా పనికొచ్చే చోటు ఒకటి ఉంది, ప్రాక్టికల్స్. మన సైకాలజీ ల్యాబుల్లో ఏముంటాయో తెలుసు కదా, గీతల పొడవు భ్రమ చూపించే ముల్లర్ లయర్ బోర్డు, పదాలు ఒక్కొక్కటే చూపించే మెమరీ డ్రమ్, ఫింగర్ డెక్స్‌టెరిటీ బోర్డు, ఓ మూల మిర్రర్ డ్రాయింగ్ అపరేటస్. మెదడు పనిచేస్తుండగా స్కాన్ తీసే ఎఫ్ఎంఆర్ఐ దగ్గర్నుంచి వచ్చినవాడికి ఆ చెక్కపెట్టెలు చూస్తే మొదట నీరసం వస్తుంది. ఆ మిర్రర్ డ్రాయింగ్‌నే తీసుకోండి. నక్షత్రం ఆకారంలో గాడి, దాని ఎదురుగా నిలువుగా అద్దం, చెయ్యి నేరుగా కనపడకుండా పైన రేకు అడ్డం. అద్దంలో చూస్తూ స్టైలస్‌తో గాడిలో తిప్పాలి, అంచుకి తగిలితే తప్పు కింద లెక్క. మొదటిసారి మూల తిరిగే దగ్గర ప్రతి ఒక్కరి చెయ్యీ ఆగిపోతుంది, పైకి పోవాల్సింది కిందకి పోతుంది, పిల్లలు పకపకా నవ్వుతారు. కుడిచేత్తో ట్రయల్స్ అయ్యాక ఎడమచేత్తో చేయిస్తే అదీ మెరుగవుతుంది, దాన్నే బైలాటరల్ ట్రాన్స్‌ఫర్ అని రికార్డులో రాయించి, ఇంట్రాస్పెక్టివ్ రిపోర్ట్ దగ్గర "సబ్జెక్ట్ ఉత్సాహంగా పాల్గొన్నారు" అని అందరూ ఒకరిది చూసి ఒకరు ఎక్కించి సంతకం పెట్టించుకుంటారు. సాధారణంగా ప్రాక్టికల్ అక్కడితో సరి.

మీరు అక్కడ ఆపరు. 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడుకి రెండువైపులా హిప్పోక్యాంపస్ తీసేసిన హెచ్.ఎం. అనే పేషెంట్‌కి బ్రెండా మిల్నర్ సరిగ్గా ఇలాంటి నక్షత్రమే ఇచ్చిందని, మూడు రోజుల్లో అతని చెయ్యి చక్కగా నేర్చేసుకుందని, కానీ ప్రతి రోజూ "ఈ పని నేనెప్పుడూ చేయలేదు" అనేవాడని చెప్తారు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు. ఇప్పుడే అదే గాడిలో చెయ్యి పెట్టిన పిల్లలకి ఇది చెప్తే ఆ గది నిశ్శబ్దమైపోతుంది, ఆ మరుసటి వారం ఎవరో ఒకరు వచ్చి "సార్, మరి ఈత కూడా అంతేనా" అని అడుగుతారు. పాఠం చెప్పడంలో మన దగ్గర ఉండి, మామూలు ఎంఏ సైకాలజీ లెక్చరర్‌ దగ్గర ఉండే అవకాశం తక్కువైన సరుకు ఇదే. పర్సనాలిటీ, కౌన్సెలింగ్ పేపర్లకి వచ్చేసరికి బల్ల తిరగబడుతుంది, అక్కడ ఆ లెక్చరరే మనకన్నా వంద రెట్లు నయం, వాళ్ళ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని నేర్చుకోవడానికి సిగ్గుపడకూడదు.

ప్రైవేట్ యూనివర్సిటీలు

ల్యాబ్ నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి నిజంగా దొరికేది ఇదే, నన్నడిగితే మంచి బేరం కూడా ఇదే, జాగ్రత్తగా ఎంచుకుంటే. క్రైస్ట్, అశోకా, గీతమ్, మన శ్రీసిటీలో ఉన్న క్రియా, ఇలా చాలా చోట్ల సైకాలజీ డిగ్రీ ఉంది. వీళ్ళకి న్యూరోసైన్స్ పీహెచ్‌డీ అంటే బ్రోచర్‌కి ఒక బరువు, పీజీ సబ్జెక్ట్ దగ్గర ప్రభుత్వ యూనివర్సిటీలంత పట్టుబట్టని చోట్లు ఉంటాయి. జీతం బేరమాడుకోవచ్చు. కానీ ఒకే పేరు కింద రెండు రకాలున్నాయి. ఒక రకంలో వారానికి 8, 10 గంటలు క్లాసు, చిన్న ల్యాబ్‌కి డబ్బు, పేపర్లు రాయమని ప్రోత్సాహం. రెండో రకంలో వారానికి 20 గంటలు, పైన అడ్మిషన్ల డ్యూటీ, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ కోసం ఫైళ్ళు, ఇంటర్ కాలేజీలకి వెళ్ళి పిల్లల్ని పట్టుకొచ్చే పని, ఇంత చేయించుకుని ఎస్ఆర్ఎఫ్ కన్నా తక్కువ జీతం చెప్పేవాళ్ళూ ఉన్నారు.

ఇంటర్వ్యూలో ఏది ఏ రకమో తెలుసుకోవడానికి హెచ్ఆర్‌ని అడగొద్దు, వాళ్ళు నవ్వుతూ అన్నీ ఉన్నాయంటారు. అక్కడ ఇప్పటికే పనిచేసే జూనియర్ ఫ్యాకల్టీని క్యాంటీన్‌లో పట్టుకుని మూడు అడగండి. ఈ సెమిస్టర్ ఎన్ని పేపర్లు చెప్తున్నారు, మనుషుల మీద చేసే రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, అడ్మిషన్ టార్గెట్ ఉందా. ఎథిక్స్ కమిటీ అనగానే వాళ్ళు బిక్కమొహం వేస్తే అక్కడ మనుషుల మీద రీసెర్చ్ అనేది కాగితం మీదే అని అర్థం.

స్కూల్, పీజీటీ

సీబీఎస్‌ఈలో 11, 12 తరగతులకి సైకాలజీ ఉంది, కోడ్ 037, 70 మార్కులు థియరీ, 30 ప్రాక్టికల్. పీజీ సైకాలజీతో పాటు బీఈడీ కావాలి, అంటే ఇంకో రెండేళ్ళు. మన రాష్ట్రాల్లో ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ తప్ప ఇంకోటి కనపడదు కాబట్టి ఈ ఉద్యోగాలు పెద్ద ఊళ్ళల్లోని సీబీఎస్‌ఈ, ఇంటర్నేషనల్ స్కూళ్ళకే పరిమితం. బ్రెయిన్ వాళ్ళకి ఇందులో ఒక జోక్ కూడా ఉంది, ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తగ్గించినప్పుడు 11వ తరగతి పుస్తకంలో న్యూరాన్, మెదడు భాగాలు, హార్మోన్లు ఉన్న ఆ ఒక్క చాప్టరూ ఎగిరిపోయింది. మీకు బాగా వచ్చిందే తీసేశారన్నమాట. అదే అమెరికాలో హైస్కూల్ పిల్లలు చదివే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) సైకాలజీని 2024లో కొత్తగా సర్దినప్పుడు మొదటి యూనిట్‌గా పెట్టిందే మెదడు, నరాల పాఠం.

అయినా స్కూల్‌ని చులకన చేయకండి. 16 ఏళ్ళ పిల్లలకి చెప్పడం నచ్చేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ రీసెర్చ్‌కి పూర్తిగా దండం పెట్టేసినట్టే, ఇక్కడ్నుంచి ల్యాబ్‌కి తిరిగెళ్ళడం దాదాపు కుదరదు. అది మనసుకి సరేనా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి.

టెట్, డీఎస్సీ కోచింగ్

దీన్ని మా పీహెచ్‌డీ వాళ్ళు ఎవరూ లిస్టులో కూడా పెట్టరు, నాకు అక్కడే కోపం. తెలుగు ఊళ్ళల్లో సైకాలజీ అన్న మాట అందరికన్నా ఎక్కువసార్లు పలికేది కోచింగ్ సెంటర్లలోనే. టెట్ రెండు పేపర్లలోనూ శిశు వికాసం, పెడగాజీకి 30 మార్కులు, డీఎస్సీలో మళ్ళీ విద్యా మనోవిజ్ఞానం. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులు, ఏపీలో 2025 మెగా డీఎస్సీ 16,347, దీనికి రాసేవాళ్ళు లక్షల్లో. అవనిగడ్డలో అయితే ఊరి బతుకే ఈ కోచింగ్ మీద నడుస్తుంది. పియాజే పూర్వ ప్రచాలక దశ, థార్న్‌డైక్ యత్నదోష అభ్యసనం, కోలర్ చింపాంజీ సుల్తాన్, ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రం, ఇవన్నీ అచ్చ తెలుగులో, ఒక హాల్లో మూడు వందల మందికి, మైకులో, కోడ్‌లు కట్టి గుర్తుపెట్టించే కళ అది. బాగా పేరొచ్చిన సార్‌కి యూట్యూబ్, యాప్ క్లాసులు కలిపి వచ్చే ఆదాయం ముందు అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం దిగదుడుపు, పేరు రానివాళ్ళకి మాత్రం గంటల లెక్కే, నోటిఫికేషన్ లేని ఏడాది అదీ అంతంతే.

పేచీ ఎక్కడొస్తుందంటే, పరీక్షకి కావాల్సింది కీ. మెదడు 10 శాతమే వాడతామని, ఎడమ మెదడు మనుషులు కుడి మెదడు మనుషులు వేరని గైడ్లలో కనిపిస్తే మీకు చెయ్యి దురద పెడుతుంది, అరగంట తీసుకుని అది తప్పని చెప్తారు, ముందు వరసలో కూర్చున్నామె చెయ్యెత్తి "సార్, బిట్ వస్తే ఏది పెట్టాలి" అని అడుగుతుంది. ఆవిడ తప్పేం లేదు, ఇంట్లో చంటిపిల్లని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది, ఆమెకి కావాల్సింది మార్కు. దీన్ని భరించలేనివాళ్ళు ఇటు రాకూడదు. తెలుగులో ధారాళంగా చెప్పగలిగి, ఇంగ్లీష్ స్లయిడ్ లేకుండా సైనాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) గురించి బోర్డు మీద బొమ్మ గీసి ఒప్పించగలిగేవాళ్ళు మాత్రం ఒక సీజన్ ట్రై చేయండి, ఎమ్మెస్సీ కాగితం ఏ సబ్జెక్టో ఇక్కడ ఎవరూ అడగరు.

సివిల్స్ ఆప్షనల్ సైకాలజీ కోచింగ్ కూడా ఉంది, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు, కానీ అభ్యర్థులు తక్కువ, సెంటర్ ఢిల్లీ. దాని మీదే ఆధారపడి బతకడం కష్టం, పక్క ఆదాయంగా ఓకే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి

పోస్ట్‌డాక్ నుంచి నేరుగా హైస్కూల్లో ఏపీ సైకాలజీ చెప్పాలంటే ప్రతి స్టేట్‌కీ వేరే టీచింగ్ సర్టిఫికేషన్. దానికన్నా ముందు వీసా. యూనివర్సిటీలకి, కమ్యూనిటీ కాలేజీలకి హెచ్1బీ లాటరీ లేదు, మామూలు హైస్కూల్‌కి ఉంది. గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళు అందుకే కమ్యూనిటీ కాలేజీ వైపు చూడటం తెలివైన పని, అక్కడ సాధారణంగా మాస్టర్స్ చాలు, క్లాసులే ప్రధానం, గ్రాంట్ రాయమని ఎవరూ వెంటపడరు. అడ్జంక్ట్ అని కోర్సుకింత అని ఇచ్చే పనికి మాత్రం వీసా ఉన్నవాళ్ళు ఆశపడొద్దు, దాని మీద ఇల్లు నడవదు, స్పాన్సర్ కూడా చేయరు.

ఏ దారైనా తప్పని ఒక సంగతి

సైకాలజీ సార్ అనగానే జనం మిమ్మల్ని కౌన్సెలర్ అనుకుంటారు. క్లాస్ అయ్యాక ఒకరు ఆగుతారు, "సార్, నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు, ఇంట్లో చెప్పలేకపోతున్నా" అని. ల్యాబ్‌లో మనకి మనుషులంటే సబ్జెక్ట్ నంబర్లు, ఎస్ 07, ఎస్ 08, ఇది దానికి పూర్తిగా వేరే అనుభవం. పీహెచ్‌డీ ఉంది కదా అని వైద్యం మొదలుపెట్టకండి, క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి, న్యూరోసైన్స్ డిగ్రీ దానికి పనికిరాదు. వినండి, తీసిపారేయకండి, కాలేజీ కౌన్సెలర్ ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 బోర్డు పక్కన రాసి ఉంచండి, తెలుగులోనే మాట్లాడతారు. ఇలాంటివి వినడమే భారంగా అనిపించే స్వభావమైతే ల్యాబే మేలు, అందులో చిన్నతనమేం లేదు.

మరి ఎవరు ఎటు

32 లోపు ఉండి, చేతిలో ఒకట్రెండు గట్టి పేపర్లు ఉంటే ముందు ఇన్‌స్పైర్ లాంటివి ప్రయత్నించి చూడండి, టీచింగ్ ఎక్కడికీ పోదు. 35 దాటి, పీజీ సైకాలజీ కాకపోతే ప్రైవేట్ యూనివర్సిటీల్లో అప్లై చేయండి, కుదిరితే రెగ్యులర్ ఎంఏ సైకాలజీ, నెట్ కూడా చూసుకోండి, కాగితాలూ వస్తాయి, క్లాసు అనుభవమూ వస్తుంది, ప్రభుత్వ నోటిఫికేషన్ పడ్డప్పుడు రెడీగా ఉంటారు. పీజీ ముందే సైకాలజీ అయ్యి, తర్వాత బ్రెయిన్ వైపు వెళ్ళినవాళ్ళయితే మీరు అదృష్టవంతులు, ఏ తలుపైనా తట్టొచ్చు. ఇంటి బాధ్యతలు ఉండి వచ్చే నెల నుంచే డబ్బు కావాలంటే కోచింగ్ లేదా ప్రైవేట్, గెస్ట్ జోలికి పోకండి.

డెమో క్లాస్ గురించి చెప్పి ఆపేస్తా, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది అక్కడే. కాన్ఫరెన్స్ స్లయిడ్లు తీసుకెళ్ళొద్దు, గ్రాఫ్ మీద ఎర్రర్ బార్లు చూసి ఏ డీనూ ఉద్యోగం ఇవ్వలేదు. మీ పీహెచ్‌డీ టాపిక్ అసలు ఎత్తొద్దు. మరపు గురించో, అటెన్షన్ గురించో, ఫస్టియర్ సిలబస్‌లో ఉన్నదే తీసుకోండి. బోర్డు వాడండి. మొదటి ఐదు నిమిషాల్లో ఎదురుగా ఉన్నవాళ్ళతో ఏదో ఒకటి చేయించండి, 15 పదాలు చదివి వినిపించి ఎన్ని గుర్తున్నాయో రాయమనండి, మొదటివీ చివరివీ గుర్తుండి మధ్యవి పోతాయి, ప్యానెల్‌లో కూర్చున్న రిజిస్ట్రార్ గారికి కూడా పోతాయి, అక్కణ్ణుంచి పాఠం మొదలుపెట్టండి. పదాల లిస్టు మాత్రం తెలుగుదొకటి, ఇంగ్లీష్‌దొకటి రెండూ పట్టుకెళ్ళండి, ఎదురుగా ఏ మీడియం పిల్లల్ని కూర్చోబెడతారో ముందు చెప్పరు.